చేబదులు

మే నెల. కాలవ కట్టేసి నలభై రోజులు.
గుంటూరు పొలిమేరలో మంచినీళ్ళ చెరువు
బచ్చలాకు పిసికిన నీళ్ళలా ఉంది.
వాచ్‌మన్ జాన్‌సైదా పాత హార్లిక్స్ సీసాతో
ఇంత ముంచుకొచ్చి బల్ల మీద పెట్టాడు.
"మనకే నీళ్ళకి దిక్కులేదు,
ఈ పసరు ఏం తిని బలుస్తోందమ్మా?"

ఏం తిని?
పదకొండేళ్ళుగా ఈ ల్యాబ్‌లో లెక్కపెడుతున్నాను,
ఆ మాట ఎప్పుడూ అడగలేదు.
రిపోర్టులో ఆ గడి లేదు.

కన్ను ఆనించాను.
ముందు జిగురు, నానిన సబ్జా గింజ చుట్టూ ఉండేలాంటిది.
అందులో పచ్చటి గుండ్లు, వందల్లో.
అందరూ తిట్టేది వీటినే.
మర ఇంకొంచెం తిప్పితే
అదే జిగురులో ఇంకెవరో కాపురముంటున్నారు
రంగు లేనివాళ్ళు,
సన్నటి పుల్లలు, చుక్కలు.
చచ్చినవాటిని కొరికి భాస్వరం ఊడదీసిస్తారు.
గాలిలో నత్రజనిని పట్టే పనితనం పచ్చదానికి లేదు,
అదీ ఇరుగుపొరుగు నుంచే.
బి పన్నెండు కూడా!
డాక్టరు నాకు రాసిన గోళీ,
అక్కడ ఎవరో ఊరికే వండి పెడుతున్నారు.

ఊరికే కాదులే.
పగలంతా ఎండని పంచదార చేసి
పచ్చది వాళ్ళకి తిరిగి పెడుతుంది.
నోటు లేదు, సాక్షి లేదు.
మిర్చి యార్డులో తొడిమెలు తీసిన మా పిన్ని సువార్తమ్మ
ఎసరు పొయ్యి మీద పెట్టాకే
గ్లాసు పట్టుకుని పక్కింటికి పోయేది.
విషం కాస్త నాలిక మీద ఉండేది,
అది వేరే సంగతి.

ఇంజినీరు ఫోను. "మైలుతుత్తం చల్లించేద్దాం.
ఎల్లుండికి తేటపడుద్ది."
"తేటపడుద్ది సార్.
గుండు పగిలితే లోపలి విషం నీళ్ళలో కలుస్తుంది.
ఇప్పుడది మూటలో ఉంది."
అటువైపు కాసేపు ఫ్యాను చప్పుడు.
"మరేం రాస్తావ్?"

తాగొద్దు, ట్యాంకర్లు పంపండి, అని రాశాను.
సంతకం కింద ఎవరూ చదవని జాగాలో
పెన్సిల్‌తో:
ఇది ఒక్కతే కాదు.

సీసా కడగబోతుంటే ఆపి
కిటికీలో పెట్టించాను.
సాయంత్రానికి పైన పచ్చటి మీగడ కట్టింది,
అడుగున నీళ్ళు అమాయకంగా ఉన్నాయి.

"టీపొడి అయిపోయిందమ్మా" అంటూ జాన్‌సైదా
గ్లాసు తీసుకుని
పంపుహౌసు వాళ్ళ గదికేసి నడిచాడు.