అర బిళ్ళ

జీడిపప్పు రంగులో ఉండేది కాబట్టి
దాన్ని పలుకు అని పిలిచేవాళ్ళం.
కాశీబుగ్గలో, మా వీధిలో, అదేం వింత పేరు కాదు.
మూడో ఇంట్లో బద్ద అని కుక్కపిల్ల ఉంది.

గోడౌన్లో గోనెల మీద తిరిగేది.
ఎలకల్ని తిని తోకలు మాత్రం
మేస్త్రీ కుర్చీ కింద వదిలేది.
ఆషాఢంలో ఒక రాత్రి ఎవరితోనో పోట్లాడి
వెనక కాలు ఎత్తిపట్టుకుని వచ్చింది.
తొడ మీద చిన్న గాటు,
ఒళ్ళు పెనం.

"పిల్లినేటి, పశువులాసుపత్రికి అట్టుకెల్తావా?
నవ్వుతారే!" అంది తవిటమ్మ.
"ఇంట్లో పసుపు నేదేటి?"

ఉంది. వెల్లుల్లి ఉంది.
కర్పూరం కాచిన కొబ్బరినూనె ఉంది.
జీడితొక్క నూనెకి కాలిన నా వేళ్ళకి
పన్నెండేళ్ళుగా నేనే డాక్టర్ని.
బూడిద, ఆముదం, ఏది దొరికితే అది.
నా తోలు ఒప్పుకుంది కదా
దాని తోలు ఒప్పుకోదా?

రాసింది రాసినట్టే నాకేసింది.
పిల్లికి నాలికే తువ్వాలు, నాలికే దువ్వెన,
ఒంటికి పూసిందంతా కడుపులోకే పోతుందని
నాకు తట్టలేదు.
పసుపు మూతితో నాకేసి చూస్తే
నవ్వాను కూడా.

రాత్రి జ్వరం దిగలేదు.
చిన్నోడికి కాస్తే మింగించే బిళ్ళ
రేకులోంచి తీశాను.
చిన్న ప్రాణి కదా, సగం చాలు.
అంత లెక్క కట్టాను!
గుండు చెడకుండా పప్పు ఒలిచే వేళ్ళు
గీత మీద సరిగ్గా విరిచాయి.
పెరుగులో నూరి, మెడ పట్టుకుని పోశాను.
గింజుకుంది. మణికట్టు మీద మూడు గీతలు.
"నీ మంచికే తల్లీ" అన్నాను.

తెల్లారేసరికి మొహం ఉబ్బింది.
పాదాలు ఉబ్బాయి.
పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు
నా వేళ్ళ రంగులో ఉన్నాయి.

గంపలో గుడ్డేసి, కూర్మారావు ఆటోలో.
ఆసుపత్రిలో ఎవరూ నవ్వలేదు.
సూడి గేదె పలుపు పట్టుకున్న ముసలాయన
జరిగి చోటిచ్చాడు.

"ఏం పెట్టారు?" అంది డాక్టరమ్మ.
పసుపు, అన్నాను.
"ఇంకా?"
నూనె. ఇంత వెల్లుల్లి.
"ఇంకా?"
ఇంకేం నేదమ్మా.
ఆమె చిగుళ్ళు చూసింది,
తర్వాత నా మొహం కాదు, మణికట్టు చూసింది.
"బిళ్ళేమైనా?"

గోడ గడియారం ఎంతసేపు కొట్టుకుందో.
నాకు పలుకు రాలేదు.

చెప్పాక తిట్టలేదామె.
గబగబా చీటీ రాసింది.
విరుగుడుందట. చిత్రం, అదీ మనుషుల మందేనట.
"బేగి, బేగి" అని కూర్మారావుని తరిమాను,
ఆలస్యం అతనిదైనట్టు.
మొదటి షాపులో లేదు. రెండోదాంట్లో దొరికింది.
తెచ్చేసరికి
గంపలో గుడ్డ కదలడం మానేసింది.

"గాటు మానేదే," అంది డాక్టరమ్మ
చేతులు కడుక్కుంటూ,
నాతోనో, కుళాయితోనో.

వీధిలో పాము అని చెప్పాను.
పాపం తవిటమ్మ, నమ్మింది.
మా గుమ్మానికి కూడా అడ్డంగా
పసుపు గీత గీసి వెళ్ళింది.

నిన్న ఆవిడే వచ్చింది,
ఒళ్ళో కొత్త పిల్లికూన,
దాని ముక్కు కారుతోంది, కళ్ళు పుసులు.
"జొరంలాగుందే. నీ కాడ బిళ్ళుందేటి?"

ఉంది.
రేకులో, విరిచిన చోట పొడి రాలుతూ
అర.

కూకో, అప్పా, అన్నాను.
పాము కాదు.