దాలమ్మ నాలుక

తెల్లారగట్ల నాలుగింటికి
నా పెదవి నాది కాకుండా పోయింది.
అద్దంలో ఎవరో.
కింది పెదవి పనసతొనలా ఉబ్బింది,
నాలుక నోట్లో పట్టడం లేదు,
కూతురి పేరు పిలవబోతే ఉత్త గాలి వచ్చింది.

రాత్రేం తిన్నావని అందరూ అడిగేవాళ్లే.
ఎండు నెత్తళ్లా? పుట్టగొడుగులా?
జీడినూనె అంటిందేమో అన్నారు బట్టీ వాళ్లు.
పలాసలో ఇరవైరెండేళ్లుగా పప్పు ఏరుతున్నాను,
ఆ నూనె ఎక్కడ కాలుస్తుందో నా వేళ్లకి తెలుసు.
అది తోలు ఒలుస్తుంది.
మాట లాక్కోదు.

కాశీబుగ్గ ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ
నా మందుల కవరు గుమ్మరించి
ఒక్క అట్ట తీసి పక్కన పెట్టింది.
రామిప్రిల్.
బీపీకి, రోజుకొకటి.
"ఎనిమిది నెలలు ఊరుకున్న మాత్రా?"
కాగితం మీద రాసి అడిగాను.
"ఏళ్లు కూడా ఊరుకుంటుంది," అంది.
గొంతు కోయాల్సొస్తే కావలసినవన్నీ
తెల్లగుడ్డ కింద సర్దుకుని
మధ్యాహ్నం దాకా నా మంచం వదల్లేదు.

వాపు తీసేక చెప్పింది:
ఒంట్లో ఒక పదార్థం పుడుతుంటుంది,
నరాల గోడల్ని వదులు చేస్తుంది,
పని అయ్యాక పోవాలి.
పోవడానికి తూములున్నాయి.
ఈ మాత్ర పెద్ద తూముకి పలక దించేస్తుంది.
చాలామందికి పిల్లతూముల్లోంచి పోతుంది.
కొన్ని ఇళ్లల్లో ఆ పిల్లతూము
పుట్టుకతోనే ఇరుకు.
"మీ వాళ్లలో ఎవరికైనా ఇలా వాచిందా?"

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

మా బాప్ప దాలమ్మ.
బట్టీలో అరకిలో గుండ్లు పోయాయి.
పసుపునీళ్లు పుక్కిట పట్టి
అసిరితల్లి ముందు ఉమ్మి
"నాను తియ్యనేదు" అంది.
మూడో పొద్దుకి నాలుక బయటికొచ్చింది.
ఇంకేటి సాక్ష్యం కావాలి?
మేస్త్రీ పేరు కొట్టేసాడు.
మా నాన్న తలుపు వేసాడు, సొంత అప్ప మీద.
తొమ్మిదేళ్ల గుంటని నేను,
తోటి పిల్లల్తో నాలుక చాపుకుని
ఆవిడ వెనక నడిచాను, సంత దాకా.

సర్కారు ఆసుపత్రిలో ఇచ్చిన తెల్లమాత్రలు
బొడ్లో సంచిలో ఉండేవి,
పాత కేలెండరు కాగితంలో పొట్లం కట్టి.
పూట తప్పేది కాదు.
డాక్టరు మాటంటే ఆవిడకి అంత గురి.
రెండోసారి వాచింది గొంతు.
ఆ రాత్రి వాన. ఆటో రాలేదు.
అమ్మోరు తీసుకెళ్లిందన్నారు.

మందులచీటీ వెనక గీతలు గీసి చూపించింది డాక్టరమ్మ.
నాయనమ్మ నుంచి బాప్పకీ నాన్నకీ.
నాన్న నుంచి నాకు.
"అయ్యుండొచ్చు. కచ్చితంగా చెప్పలేను.
ఆ పరీక్ష మన దగ్గర లేదు."
మా నాన్నకి బీపీ రాలేదు.
ఆ మాత్ర ఎరగడు.
ఏ నాలుకని అబద్ధం అన్నాడో
ఆ నాలుకనే రక్తంలో పెట్టుకుని
మడమలు అరిగేదాకా తిరిగి పోయాడు.

కార్డు రాసిచ్చింది: ఈ జాతి మాత్రలు వద్దు.
అట్ట వేయించాను.
పిల్లలిద్దరికీ చూపించాను, ఫోటోలు తీసుకున్నారు.
చచ్చిపోయినవాళ్ల పేరుకి
ఆ కార్డులో గడి లేదు.

బట్టీలో అప్పన్నమ్మ పిన్నికి చెప్పాను,
ఆ పసుపునీళ్ల రోజు అక్కడ ఉంది కదా అని.
తొక్క తీస్తూనే వింది.
"అయితే మరి గుండ్లు ఎవులు తీసినట్టు?"

అది రక్తంలో ఉండదు, పిన్నీ.
తీసిందేమో కూడా.
ఆ ఏడు వాళ్లింట్లో గంజి లేదు.
తీసినా వాచును.
తియ్యకపోయినా వాచును.

ముక్కలు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి,
ఏరుతూ ఏరుతూ
ఒక నిండు గుండు నోట్లో వేసుకున్నాను,
మేస్త్రీ చూస్తుండగానే.