పదిహేడో నంబరు

ముందే చెప్తున్న, వజ్రకాయుడు నాకు నచ్చడు.
గుండు తగిలితే గుండే వంగుతది,
కొండ మీద వడ్డా క్రాపు చెదరదు.
దెబ్బ తాకనోనికి ధైర్యంతోని ఏం పని?
మా దేవరకొండ బస్టాండుల మూటలు మోసే ఈదయ్య
రోజూ వానికన్న ఎక్కువ భయపడి
వానికన్న ఎక్కువ బరువు లేపుతడు.
ఇది తొమ్మిదో తరగతిల అన్న మాట.
ఇప్పటికీ మార్చుకోలే.

ఖాజామియా కొట్టుల
తాడు మీద బట్టలు ఆరేసినట్టు పుస్తకాలు.
ఇంటికి తీస్కపోతే అర్ధరూపాయి,
నిలవడి చదివితే పావలా,
పేజీ మడిస్తే చెవు మెలిక.

ఒకటి ఇంటికి తెస్తే
తాత కండ్ల దగ్గరికి పెట్టుకొని చూసిండు.
బోరునీళ్లకు కొడవలిలెక్క వంగిన మనిషి,
మెడ తిప్పాల్నంటే మనిషి మొత్తం తిరగాలె.
వజ్రకాయుని నిలువు ఎన్నుపూస మీద
వేలు జారుస్తా అడిగిండు:
"వీడు ఏ ఊరి నీళ్లు తాగిండు బిడ్డా?"
ముప్పై ఆరు పేజీలు ఎతికిన.
రాయలే.

అక్క అండాలుకు రాతిరిరాణి మీద కోపం.
తలుపులేసిన అర్రల గూడ ఆమె జుట్టు ఎగురుతుంటది.
"అంత జుట్టుకు నూనె ఎవలు పెడ్తరు?
చిక్కు ఎవలు తీస్తరు?
ఎగిరేటోళ్లకు పేన్లు వడయా?"
నవ్విన గానీ,
ఆ రోజు నుంచి రాతిరిరాణి
ఎన్ని మేడల మీదికెల్లి దుంకినా
నాకు దువ్వెనే యాదికొస్తది.

అసలు మనిషి డాక్టర్ తుప్పు.
విలనే. ఒప్పుకుంట.
ఆయన ముట్టిన ఇనుము ముట్టినట్టే రాలిపోతది:
వంతెనలు, రైలు పట్టాలు, ఒకసారి జైలు తాళం.
కానీ సరిగ్గ చూడుండ్రి,
ఒక్కడే కూసోని చెక్కగిన్నెల తింటడు.
గీసినాయన ఎవడో గానీ
ఒక్క మాట రాయకుండ ఆ గిన్నెను మూలకు గీసిండు.
వజ్రకాయుడు గోడ పలగ్గొట్టుకొని వస్తే
అందరు వాని పిడికిలి చూసిండ్రు,
నేను దొర్లిపోతున్న గిన్నెను చూసిన.

ఎందుకట్ల అయిండు ఆయన?
పదిహేడో నంబరుల నోరు తెరిచిండు.
"నేను ఇట్ల మారింది ఎందుకంటే..."
మూడు చుక్కలు.
పేజీ తిప్పితే పైన సగంల వాన, ఖాళీ రోడ్డు,
కింద సగం లేదు.
ఎవలో మిర్చిలకు చింపుకపోయిండ్రు.

నేనన్న: చిన్నప్పుడు వాళ్లమ్మ మీద ఇనుప గేటు వడ్డది.
సైదులన్నడు: కాదు,
ఆయన కనిపెట్టిన మందును వజ్రకాయుడే దొంగిలించిండు.
ఖిల్లగుట్ట ఎక్కుకుంట కొట్లాడినం, దిగుకుంట కొట్లాడినం.
వాని బరాత్‌ల బ్యాండు చప్పుడుల
ఒకరి చెవుల ఒకరం అరుచుకున్నం.
తాత పోయిననాడు
వాడొచ్చి నా పక్కన కూసున్నడు.
చానసేపు ఏం అనలే.
ఆఖరికి మెల్లగ,
"మందే దొంగిలించిండు రా" అన్నడు.
ఆ రోజు ఒక్కనాడే
నేను కాదనలే.

మొన్న నల్లగొండ గడియారం సెంటరు కాడ
పాత పేపర్ల కొట్టుల
కిలోల లెక్కన పోసిన కుప్ప.
అడుగున పదిహేడో నంబరు.
తూకానికి రాదన్నడు, పది రూపాయలిచ్చిన.
రోడ్డు మీదనే తిప్పిన.
ఆ సగం ఉన్నది.

నడుం నొప్పుల తైలం ప్రకటన.
ఒక ముసలాయన వంగి ఉన్నడు,
పక్కకు బాణం గుర్తు,
అదే ముసలాయన నిటారుగ, నవ్వుకుంట.
అంతే.
తర్వాతి పేజీల కొట్లాట మొదలైతది.
కారణం ఎవలూ రాయనే లేదు.

సైదులుకు ఫోన్ చేసిన.
మిర్యాలగూడ మిల్లుల హమాలీ మేస్త్రి ఇప్పుడు.
ఎనక మర మోత.
తైలం సంగతి చెప్పిన, బాణం సంగతి చెప్పిన,
తాత సంగతి మాత్రం చెప్పలే.
వానికి అర్థమైనట్టే ఉన్నది,
వడ్లు పోస్తున్న చప్పుడు తప్ప
కొద్దిసేపు ఏం వినవడలే.

"అయితే," అన్నడు,
"నేను చెప్పిందే కరెక్టు.
మందే గదరా."