రెండంగుళాలు

పీణ్యా రెండో స్టేజీలో
కరెంటు పోయి కొలిమి చల్లారుతున్న మధ్యాహ్నం
ఒక తెల్ల ఎస్‌యూవీ గేటు దాటి వచ్చింది,
మోయలేని బిందె చంకనెత్తిన పిల్లలా
వెనక్కీ, కాస్త ఎడమకీ ఒరిగి.

దిగినాయన పేరు నారెప్ప. చింతామణి దగ్గర ఊరు.
"ఎనక రెండంగుళాలు లేపల్లమ్మా" అన్నాడు,
టైలరుకి పంట్లాం పొడవు చెప్పినంత తేలిగ్గా.

టేపు తీశాను.
చక్రం నడుమ నుంచి పైనున్న కమాను అంచుకి
కుడివైపు నాలుగువందల అరవై,
ఎడమవైపు నాలుగువందల నలభై ఎనిమిది.
ఈ పన్నెండు మిల్లీమీటర్లు ఎవరివని అడిగితే
డిక్కీ తలుపెత్తి చూపించాడు:
ఎడమ పక్క బోల్టులు బిగించిన ఇనప పెట్టె,
అందులో నీట మునిగే మోటారు,
దాని మీద చుట్టలు చుట్టలుగా నల్లటి కేబులు.
బోర్లలోంచి మోటార్లు పైకి లాగడం,
కాలిపోయినవాటికి తీగ మళ్ళీ చుట్టడం ఆయన పని.
అయితే నాకు చుట్టమే అనుకున్నాను,
ఇద్దరం చుట్టి బతికేవాళ్ళం.

ఎత్తు అడిగితే ఎత్తు ఇవ్వలేను.
మోసే బరువు చెప్పాలి ముందు.
ఎంత కుంగుతుందో లెక్క కడితే
కుంగగా మిగిలిందే ఎత్తు.
పద్నాలుగు మిల్లీమీటర్ల కడ్డీ పదిహేనైతే
బిరుసు మూడోవంతు పెరిగిపోతుంది,
ఒక చుట్టు కలిపితే మళ్ళీ మెత్తబడుతుంది,
బ్రేకు గొట్టం అందాలి, డ్యాంపరు చాలాలి.
"బరువెంత?" అన్నాను పెన్సిలు పట్టుకుని.

నారెప్ప లెక్క అడుగుల్లో ఉంది.
"నేను పని నేర్చినప్పుడు మున్నూరు అడుగులమ్మా.
ఈ బండి కొన్నప్పుడు ఎనిమిదినూర్లు.
పోయిన ఎండాకాలం పదమూడునూర్లు.
కేబులూ అంత పొడుగు కావల్ల గదా."

పెన్సిలు ఆగింది.
అక్కడ కింద నీరు దిగినకొద్దీ
ఇక్కడ పైన ఈ బండి దిగుతూ వచ్చింది.
ఇందాక నా టేపు కొలిచింది
కమానునో, ఎవరి బోరు అడుగునో.

"వచ్చే ఏడు?"
నారెప్ప తన చెప్పుల వైపు చూశాడు.
"అది నన్నడిగితే ఎట్లమ్మా."

డ్రాయింగులో గరిష్ఠ భారం అని ఒక గడి.
ఖాళీగా వదిలితే మునివెంకటప్ప కడ్డీ ముట్టుకోడు.
పదిహేనువందల అడుగులకి సరిపడా వేశాను,
చెరిపి పదహారు చేశాను,
నేనే నీళ్ళని ఇంకో వంద కిందికి తోసినట్టనిపించి
మళ్ళీ పదిహేనే.

మూడోనాడు ఎర్రగా కాగిన కడ్డీని
మునివెంకటప్ప ఏడున్నర చుట్లు తిప్పాడు.
నూనెలో ముంచితే లేచిన పొగకి
పక్క షెడ్డు కుర్రాళ్ళు దగ్గారు, తిట్టారు.
ఎడమది పన్నెండు పొడుగు;
తారుమారు కాకుండా పసుపు చుక్క.

చివరి పని నాకెప్పుడూ చూడబుద్ధి కాదు.
కొత్త స్ప్రింగుని ప్రెస్సు కింద పెట్టి
చుట్టుకి చుట్టు తాకేదాకా అణచడం.
కుంగాల్సిన కుంగుడు ఇక్కడే కుంగిపోతే
రోడ్డు మీద ఇక కుంగదు.
మొదటిసారి నాలుగు మిల్లీమీటర్లు పోయాయి.
రెండోసారి ఒకటి.
మూడోసారి నొక్కి వదిలితే
వెళ్ళిన చోటికే తిరిగొచ్చి నిలబడింది.
"నేర్చుకునింది" అన్నాడు మునివెంకటప్ప,
చేతులు తుడుచుకుంటూ.

బిగించి, పెట్టె ఎక్కించి కొలిచాం.
రెండు పక్కలా ఐదువందల నాలుగు.
డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చి,
తుమకూరు రోడ్డు ఎక్కబోతూ తల బయటపెట్టి
"కేబులు లేకుండా పోతే ఎట్లుంటాదమ్మా?" అన్నాడు.
"గట్టిగా ఉంటుంది.
ప్రతి గుంటా నడుముకి తెలుస్తుంది."
ఎగతాళి విన్నట్టు నవ్వి వెళ్ళిపోయాడు.

రెండు వానాకాలాలు గడిచాయి.
ఫిర్యాదంటే ముఖం ముడుచుకునే మనిషిని
ఒక్కదాని కోసం గేటు వైపు చూస్తుంటాను:
నారెప్ప నడుం పట్టుకుని దిగాలి,
"ఏం స్ప్రింగులమ్మా ఇవి,
కేబులు సగం కోసి ఇంట్లో పడేసినా,
ఖాళీ బండి ఎగిరెగిరి పడతా ఉండాది,
మెత్తనివి చుట్టీ" అని
షెడ్డు అదిరేలా నన్ను తిట్టాలి.