డిక్కీలో వల

మాల్పికా రేవు నుంచి ఇంటికి పదకొండు మలుపులు.
ప్రతి మలుపుకీ డిక్కీలో బంగాళాదుంపలు
అటు దొర్లి, ఇటు దొర్లి,
ఏడో మలుపు దగ్గర నూనె సీసా మూలిగేది.

"వల ఒకటి కొనుక్కో బాల్బినా," అన్నాడు
పెట్రోలు బంకు సిందో.
నన్ను! వల కొనుక్కోమని!
ముప్ఫయ్యేళ్లు గట్టు మీద కూర్చుని
పడవలవాళ్ల చిరుగులు కుట్టినదాన్ని.

అయినా కొన్నాను. సంచీలో
మడతపెట్టిన నల్ల వల, నాలుగు కొక్కేలు,
ఆరు భాషల కింద ఒకటే బొమ్మ.
ఒక్క ముడీ లేదు, అన్నీ అతుకులే.
వేలితో లాగితే సాగి, ఇకిలించింది.

వానలో డిక్కీ తలుపు నెత్తిన గొడుగు.
మోకాళ్ల మీద లోపలికి దూరాను.
పెన్సిలు చుక్కలు, డ్రిల్లు, ప్లాస్టిక్ పొట్టు.
మూడు కొక్కేలు బుద్ధిగా కూర్చున్నాయి.
నాలుగోదానికి రేకు దొరకలేదు,
గిరగిరా తిరుగుతూనే ఉంది.
దాన్ని అవతల పారేసి
జేబులో నైలాను తాడు తీసి
నా ముడి వేశాను,
చేతులకి కళ్లు అక్కర్లేని ముడి.

సాయంత్రం సంత నుంచి వస్తూ
చెవులు వెనక్కి పెట్టాను.
అయిదు, ఆరు... ఏడో మలుపు.
సీసా నోరు మెదపలేదు.
ఇన్నేళ్లూ పట్టడానికే కుట్టాను;
కొనుక్కున్నవాటి కోసం కట్టడం ఇదే మొదలు.

తొమ్మిదో మలుపులో మాత్రం
ఒక నిమ్మకాయ వల కన్నులోంచి జారి
డిక్కీ అంతా తిరిగొచ్చింది.
బండి ఆపలేదు.
కొలతకి రాని పిల్లని
నీళ్లలో వదిలెయ్యాలి,
మా రేవులో అంతే.