ఏ రోజు రేటు

ఏటుకూరు రోడ్డు పక్క కోల్డ్ స్టోరేజీలో, నాలుగో ఛాంబర్లో
మనది అని చెప్పుకోదగ్గది ఇంకా చెడకుండా ఉంది:
నూట ఎనభై ఆరు టిక్కీల తేజ.
గోనె గోనెకీ ఎర్రరంగులో నీ ఇంటిపేరు.
బాండు మీద మాత్రం నేను.
నీ పేరున బ్యాంకులో అప్పు పుట్టని ఏడాది అది.

ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కితే ఎడమవైపు గది.
ఫ్యాను తిరుగుతుంది, గాలికి ఇంకా వాయిదా ఉన్నట్టుంది.
మస్తాన్‌వలి గారు కళ్లజోడు తుడుచుకుని చదువుతారు:
ఒకటో పార్టీ, రెండో పార్టీ.
పంతొమ్మిదేళ్లు "ఇదుగో" అన్నావు నన్ను.
రెండో పార్టీ అంటే కాస్త మర్యాదగానే వినపడింది.

కొరిటెపాడు ఫ్లాటు నీకు, దాని అప్పూ నీకే.
స్కూటీ నాకు. గ్రైండరు ఎవరూ అడగలేదు.
వాసంతి ఇంటరు ఫీజు నీది, జ్వరాలు నావి,
ఇది రాయలేదు, అర్థమైంది.
తాకట్టులో ఉన్న ఎనిమిది కాసులూ
"వీలు వెంబడి" విడిపించి ఇస్తానని నువ్వు రాసిస్తే
ఆ రెండు ముక్కలూ కొట్టేసి
పైన తేదీ వేశారు మస్తాన్‌వలి గారు.
నీ వీలుకి ఎవరైనా తేదీ వెయ్యడం
నేను చూడ్డం అదే మొదలు.

భరణం దగ్గర నువ్వు కప్పు వైపు చూశావు.
ఏడు వేలన్నావు.
నేను నీ కొత్త చెప్పుల వైపు చూసి పన్నెండన్నాను.
సంతలో తువ్వాలు చాటున వేళ్లు పట్టుకున్నట్టు
తొమ్మిదిన్నర దగ్గర ఒకళ్లనొకళ్లం వదిలేశాం.

అంతా అయిందనుకుంటే కాయలు అడ్డం పడ్డాయి.
సగం సగం, సరే.
ఏ రోజు రేటు?
కేసు వేసిన రోజుది, అన్నావు. అప్పుడు క్వింటా పదమూడు వేలు.
అమ్మిన రోజుది, అన్నాను. యార్డులో పదిహేడు నడుస్తోంది.
నాలుగు వేల తేడా మీద మూడు వాయిదాలు పోయాయి.

"నారు పోసింది నేను" అన్నావు మేడం ముందు.
అవును.
"కౌలు కట్టింది నేను. కళ్లంలో కాపలా పడుకుంది నేను."
అవునవును.
తాలుకాయలు ఏరింది నేను.
మబ్బు పట్టిన రాత్రి పట్టాలు లాగింది నేను.
మంటెత్తిన వేళ్లు మజ్జిగలో ముంచుకుని
రెండు నెలలు పిల్లకి కాటుక పెట్టనిది నేను.
పక్కింటి సైదాబీ పెట్టేది.
నా చెయ్యి కనపడితే చాలు, పిల్ల కళ్లు మూసుకునేది.
దీనికి ఏ రోజు రేటు, అని అడగబోయి
మేడం టీ తాగుతుంటే ఊరుకున్నాను.

సరుకు చూడాలంటే ఇద్దరూ ఉండాలన్నారు.
గురువారం వెళ్లాం, చెరో ఆటోలో.
గుమాస్తా ఇనప తలుపు తీశాడు.
చలీ ఘాటూ ఒక్కసారే మొహాన కొట్టాయి.
నువ్వు తుమ్మావు. ఒక్కటే.
గడప మీద ఆగిపోయాం ఇద్దరం,
రెండో తుమ్ము కోసం.
ఎన్ని ప్రయాణాలు ఇలా ఆగాయో.
రాలేదు.
"పదండమ్మా, చలి బయటికి పోతోంది" అన్నాడు గుమాస్తా.

అక్కడే, ఆ వరసల మధ్య, నోట్లోంచి పొగ వస్తుంటే చెప్పాను:
డబ్బు పంచుకోవద్దు. టిక్కీలు పంచుకుందాం.
తొంభై మూడు, తొంభై మూడు.
నీ రోజు నువ్వు చూసుకో.
నా రోజు నేను చూసుకుంటాను.
కాటా మీద తప్పు చూపించిన కూలిమనిషిని చూసినట్టు
చూశావు నన్ను.

నీవి ఆ సోమవారమే అమ్మేశావట, పదిహేడున్నరకి.
తర్వాత పద్దెనిమిది అయింది. మళ్లీ పదహారుకి పడింది.
నావి చలిలోనే ఉన్నాయి. అద్దె నేనే కడుతున్నాను.
పొద్దున్నే ఫోన్లో రేటు చూసి, పక్కన పెట్టి,
వాసంతికి జడ వేస్తాను.

గోనెల మీద నీ ఇంటిపేరు చెరిపించలేదు.
కింద నా పొడి అక్షరాలు రాయించాను, హమాలీ చేత.
రంగు డబ్బాకి నూట పది.
ఒప్పందంలో లేని ఖర్చు,
నేనే పెట్టుకున్నాను.