ఒక కుట్టు తక్కువ

బెల్లం మండీలో అడిగి తెచ్చిన గోతాల్లో
ఇసక పోసి బేసులు చేసుకున్నాం.
రెండో బేసుకు ఎప్పుడూ చీమలే.
జారిపడి దాన్ని అందుకున్న పిల్ల
లేచి గెంతులేసేది.
సంతోషమనుకునేవాళ్లు చూసేవాళ్లు.

హోమ్ ప్లేటు లారీ టైరు ముక్క.
గ్లవ్‌లు నాలుగు, ఆడేది తొమ్మిదిమంది.
వైపు మారినప్పుడల్లా అవి ఎదుటి జట్టుకు,
మా చెమట ఆరకముందే.
బంతి మాత్రం ఒకటే.
చెంగల్రాయులు సారు దాన్ని
టిఫిన్ క్యారియర్ పైగిన్నెలో పెట్టి తెచ్చేవాడు.
మా ఊళ్లో బేస్‌బాల్ అంటే
ఊరుబిండి వాసన.

ఎనభై ఏడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం.
చిత్తూరు మీద అనంతపురం.
ఎడమ మణికట్టు విరిగి, నేను స్కోరు పుస్తకం దగ్గర.
ఏడో ఇన్నింగ్స్. రెండు స్ట్రైకులు.
వాళ్ల పొడుగమ్మాయి కొట్టిన ఫౌల్‌కి
బంతి నోరు తెరిచింది.

లోపల ఉన్ని. బూడిదరంగు నూలు,
చుట్టలు చుట్టలుగా.
ఆటాపి రెండు జట్లూ మూగి చూశాం.
గాలి ఉంటుందనుకున్నాం అన్నాళ్లూ.

అంపైరు గడియారం చూసి, అరగంట, అన్నాడు.
సారు సైకిలెక్కాడు. కడ్డీ మీద నేను,
ఒళ్లో పుస్తకం, పుస్తకం మీద బంతి,
పేగులు జారకుండా పట్టుకున్నట్టు పట్టుకుని.

నీవా వంతెన మొదట్లో ఏసోబు.
పొద్దున చర్చికి తొడుక్కున్న తెల్లచొక్కా ఇంకా విప్పలేదు.
చేతిలో తిప్పి తిప్పి చూసి
"ఇది ఏ కాలికి సామీ?" అన్నాడు.
తర్వాత నవ్వలేదు.
ఆర మొనతో రంధ్రాలు లెక్కపెట్టాడు,
జతజతగా, పెదాలు కదుపుతా.
"నూటెనిమిది. అష్టోత్తరం గదా ఇది!
నా కాడికెందుకు తెచ్చినారు,
అయ్యోరి కాడికి పోవాల్సింది."

ఎర్రదారం లేదు. చెప్పుల దారం, నల్లది, మైనం రుద్దింది.
బతికున్న ఎర్రకుట్లు అట్లే ఉంచి
తెగినకాడ నల్లవి దించినాడు.
రెండు సూదులు ఎదురెదురొచ్చి
పలకరించుకోకుండా దాటిపోతా ఉండె.
చివర్న నాలిక చప్పరించి,
"ఒక జత చినిగిపోయింది. నూటేడే పడినాయి.
ఒకటి బాకీ."
దుడ్లు తీసుకోలేదు. బాకీ ఉన్నది తానే గదా, ఆ లెక్కన.

మొగిలీశ్వరి బంతి అందుకుని
చుట్టూ వేళ్లతో తడిమింది.
కుట్టు లేని చోట మధ్యవేలు ఆగింది.
నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు.

చీకట్లో మెట్లు దిగుతా
లేని మెట్టు మీద కాలేస్తామే,
ప్లేటు ముందర అట్లా కూలింది బంతి.
షంషాద్ దాన్ని గుండెతో ఆపింది.
పొడుగమ్మాయి బ్యాటు తిప్పి, తానూ తిరిగి,
కూర్చుండిపోయింది.

గెలిచినామా అంటే, ఏమో.
వెలుతురు పోయింది, వాళ్ల బస్సు టైమయింది.
సమానం, అని రాయించాడు అంపైరు,
స్కోరు సమానం కాకపోయినా.
ఆటగాళ్ల పట్టీలో పదో పేరు
ఏసోబు, కుట్టు, అని రాశాను.
ఆయన కొట్టేశాడు.
గీత కింద పేరు ఇప్పటికీ చదవొచ్చు.

సారు పోయినాక వాళ్లమ్మాయి
బంతిని క్యారియర్‌తో సహా నాకిచ్చింది.
అప్పుడప్పుడు లెక్కపెడతాను.
ఒకసారి నూటేడు, ఒకసారి నూటెనిమిది.
ఏసోబు లెక్క తప్పే మనిషి కాదు.

మొన్న కాయల సీజన్లో
గుజ్జు ఫ్యాక్టరీకి పోయినాను.
బెల్టు పక్కన, తలకు గుడ్డ కట్టుకుని మొగిలీశ్వరి.
మోకాళ్ల నొప్పుల గురించి చెప్తానే
మచ్చపడిన తోతాపురి ఒకటి తీసి
వెనక్కి చూడకుండా విసిరింది.
ఇరవై అడుగుల అవతల బుట్ట.
అంచు కూడా తగల్లేదు.
పక్కనున్న పిల్ల తలెత్తను కూడా లేదు,
రోజూ చూసేదే గదా.